చూచి వ్రాసిన పిట్ట

తెలుగులో ‘వ్రాయు’ అనే క్రియకు విస్తృతి ఎక్కువ. ఉత్తరం వ్రాస్తారు, లెక్క వ్రాస్తారు. పూర్వకాలంలో చిత్తరువు కూడా వ్రాసేవారు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనిని ‘వ్రాతపని’ అనే వ్యవహరిస్తారు. గుడ్డమీద దేవతామూర్తిని తీర్చిన కలమే ఆ బొమ్మ పక్కన తెలుగు అక్షరాలను కూడా పొదుగుతుంది. బొమ్మను, అక్షరాన్ని రెండు వేర్వేరు విద్యలుగా విడదీసి నేర్పటం పాఠశాలలు వచ్చిన తరువాత స్థిరపడిన అలవాటు. ప్రకృతి దినచర్య పుస్తకం అనే పేరుతో నేడు అనేక దేశాలలో ఆదరణ పొందుతున్న సాధన ఆ రెంటినీ మళ్ళీ ఒకే పుటమీదికి తెస్తున్నది. తానున్న చోట కనబడిన పక్షినో మొక్కనో నిదానంగా చూచి, చూచినంతమేరకు గీచి, దాని పక్కనే తేదీ, వేళ, స్థలం, వాతావరణం, పేరు, మనసులో కలిగిన సందేహం వ్రాసుకోవటమే ఆ సాధన. ఇందుకు కావలసిన సామగ్రి స్వల్పం. కావలసిన ఓర్పు మాత్రం స్వల్పం కాదు.

చూచి గీచిన బొమ్మ విలువ ఎంతటిదో తెలుసుకోవటానికి సూరత్ రేవు చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. జహంగీర్ చక్రవర్తికి అపురూపమైన జంతువులను, పక్షులను చూడటమన్నా, వాటి చిత్రాలు వేయించటమన్నా అమితమైన ఆసక్తి. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జీవులను, వాటిలో సీమకోడిని, చిత్రకారులచేత గీయించినట్లు ఆయన తన జ్ఞాపకాల గ్రంథంలో నమోదు చేశాడు. కొన్నేళ్ళ తరువాత ఆంగ్లేయ వర్తక సంఘపు ఉద్యోగి పీటర్ మండీ, సూరత్‌లో రెండు డోడో పక్షులను చూచినట్లు వ్రాసుకున్నాడు. ఎగరలేని ఆ పక్షి మారిషస్ ద్వీపానికి మాత్రమే చెందినది. 1662 తరువాత దానిని సజీవంగా చూచినట్లు సర్వసమ్మతమైన ఆధారం లేదు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్‌కు ఆపాదించబడుతున్న ఒక డోడో చిత్రం రష్యాలో ఉంది. ఐరోపాలో వెలువడిన డోడో చిత్రాలలో అనేకం ఒకదానిని చూచి ఒకటి గీచినవి. బతికివున్న పక్షిని ఎదుట పెట్టుకొని గీచినవిగా భావించబడే కొద్ది చిత్రాలలో ఇది ఒకటి. అందువల్లనే శాస్త్రజ్ఞులు దానిని నేటికీ పరిశీలిస్తున్నారు. ఒక జాతి మొత్తం అంతరించిన తరువాత దాని నిలకడ, దాని రంగు, దాని ముక్కు వంపు తెలియజేసే సాక్ష్యం ఒక చిత్రకారుని చేతిలో మిగిలింది.

ఆ సూరత్ నగరపు దక్షిణ భాగంలో, ఉధ్నా, పాండేసరా పారిశ్రామిక వాడల సమీపంలో బమ్రోలి ఉంది. మరమగ్గాల షెడ్లు, ఇరుకు గదులు, వాటి వెనుక మురుగును మోసుకుపోయే ఖాడీ, దాని గట్టున తుమ్మచెట్లు, తుంగ, గుర్రపుడెక్క: స్థూలంగా ఆ ప్రాంతపు రూపం ఇది. ఖాడీ అంటే ఇక్కడివారి మాటలో వాగు. మురుగునీటిని మూడవ దశ వరకు శుద్ధిచేసి పాండేసరా పరిశ్రమలకు సరఫరా చేసే కేంద్రాన్ని నగరపాలక సంస్థ 2014లో బమ్రోలిలోనే నెలకొల్పింది. దాని సామర్థ్యం రోజుకు 4 కోట్ల లీటర్లు. ప్రకృతి పరిశీలనకు ఇది అనువైన స్థలమని ఎవరూ అనుకోరు. అయితే నీరు, బురద, పురుగు, గడ్డిగింజ ఉన్నచోటికి పక్షి రాకమానదు. బురద అంచున జిట్టంగులు, కొంగలు, చలికాలంలో జిట్టంగుల వలస జాతులు, ఖాళీ స్థలాలలో తీతువులు, తుమ్మలమీద గిజిగాళ్ళు మనిషి రాకపోకల నడుమనే తమ సంసారం సాగించుకుంటాయి.

సూరత్ మరమగ్గాలమీద ఆధారపడి బతుకుతున్నవారిలో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. నగర ప్రాథమిక విద్యా సమితి నడిపే పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోబాటు తెలుగు మాధ్యమానికి కూడా స్థానం లభించటం ఈ వలస ఫలితమే. అటువంటి కుటుంబాలలో ఒకటి బమ్రోలిలో ఉంది. ఆ ఇంటి పెద్ద నలభై ఏళ్ళకు పైగా మగ్గాల మధ్య పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. పన్నెండు గంటల పాళీలు, వందలాది మగ్గాల ఏకధాటి మోత ఆయన చెవులను చాలావరకు తినివేశాయి. యంత్రాల హోరులో చిరకాలం పనిచేసినవారికి ముందుగా దూరమయ్యేవి సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనులని వైద్యులు చెబుతారు. ఆయనకు కోకిల కూత లీలగా అందుతుంది. తేనెపిట్ట కిచకిచ అసలే అందదు. పక్షులతో ఆయనకు మిగిలిన సంబంధం కంటిచూపు ఒక్కటే.

మనుమరాలు తెలుగు బడిలో ఆరవ తరగతి చదువుతుండగా, ఇంటి పరిసరాలలోని పది పక్షుల బొమ్మలు గీచి పేర్లు వ్రాసుకు రమ్మని పంతులమ్మ చెప్పింది. బొమ్మల బాధ్యత తాత మీద పడింది. యౌవనంలో స్వగ్రామంలో తండ్రి వద్ద చేమగ్గం నేర్చుకొని, చీర అంచులకు గళ్ళ కాగితంమీద నమూనాలు గీచిన చెయ్యి అది. సూరత్‌లో ఆయన నేసినదంతా ఏ బొమ్మా లేని ముతక తెలుపు బట్ట కనుక, ఆ చేతికి మళ్ళీ పని దొరకటం ఆయనకు ఆనందం కలిగించింది. నెమలి, చిలుక, హంస క్షణాలలో తయారైనాయి. గళ్ళు లెక్కపెట్టినట్లు కుడి ఎడమలు సరిగ్గా కుదిరిన ఆ బొమ్మలను చూచి మనుమరాలు, “తాతా, ఇవి చీర మీది పిట్టలు గదా! మన ఖాడీ కాడ గిట్ల ఏది కూసుంటది?” అన్నది.

ఆ ప్రశ్న న్యాయమైనది. నేతగాని నెమలి తరతరాల సంస్కారం పొందిన రూపం. పోగుల లెక్కకు లొంగటానికి దాని మెడ మెట్లు మెట్లుగా వంగింది. అంచులో పక్కదానికి ఎదురుగా నిలవటానికి దాని ముఖం పక్కకు తిరిగింది. అందులో అందం ఉంది, క్రమం ఉంది, కులవృత్తి జ్ఞాపకం ఉంది. కానీ అది ఒక పక్షిని గురించి కొత్తగా ఏమీ చెప్పదు. ఖాడీ గట్టున నిలిచిన పక్షి ఎడమకాలు ముడుచుకొని ఉంటుంది, ఒక రెక్క ఈక చిరిగి ఉంటుంది, ఏ క్షణంలోనైనా లేచిపోతుంది. చేతికి వచ్చిన విద్యను పక్కనపెట్టి కంటికి కనబడేదానిని అనుసరించటం, ఆ విద్య లేనివానికంటె ఉన్నవానికే కష్టం. ఆ వృద్ధుడు అరవై ఏళ్ళు దాటిన తరువాత ఆ కష్టానికి పూనుకున్నాడు. ఒకవైపు ఖాళీగా ఉన్న పాత లెక్కల పుస్తకం, ఒక పెన్సిలు, ఉదయం ఎండ ముదరకముందు ఒక గంట: ఇంతే ఆయన సన్నాహం.

మొదట ఎంచుకున్నది తీతువు పిట్టను. అది నేలమీద నడుస్తుంది, ఒకేచోట కొంతసేపు నిలుస్తుంది కనుక కొత్తవారికి అనుకూలం. తొలి ప్రయత్నాలలో తల పెద్దదైంది, కాళ్ళు పొట్ట మధ్యనుంచి మొలిచాయి. వివరాలతో మొదలుపెట్టటమే ఇందుకు కారణమని ఆయన క్రమంగా గ్రహించాడు. ముందుగా శరీరం వాలును సూచించే ఒక గీత. దానిమీద కోడిగుడ్డు వంటి ఆకారం. దానికి తగిన కొలతలో తలకు ఒక చిన్న వలయం. తరువాతనే ముక్కు, కన్ను, కాళ్ళు. పక్షి లేచిపోతే ఆ బొమ్మను అంతటితో వదిలి పక్కన మరొకటి మొదలుపెట్టటం, గీచినదానిని చెరపకపోవటం. ఒక్కొక్క పుటలో ఏడెనిమిది అసంపూర్ణమైన తీతువులు చేరాయి. పక్షి మోకాలు వెనుకకు వంగినట్లు కనబడటం ఆయనను చాలా రోజులు చికాకుపరచింది. వెనుకకు వంగేది నిజానికి మడమ కీలు అనీ, మోకాలు ఈకల లోపల దాగి ఉంటుందనీ పంతులమ్మ మనుమరాలి ద్వారా చెప్పి పంపిన తరువాత, కాళ్ళు తమ చోట కుదురుకున్నాయి. కంటి ముందర ఎర్రని కండ, నల్లని కొనగల ఎర్రని ముక్కు, నల్లని రొమ్ము, కన్ను వెనుకనుంచి పొట్టవరకు దిగే తెల్లని పట్టె, పసుపుపచ్చని కాళ్ళు: ఇవన్నీ ఆయన చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. అయినా కాళ్ళ రంగు పసుపని పుస్తకంలో వ్రాయవలసి వచ్చేదాకా ఆయనకు తెలియదు.

పుస్తకంలో పని రెండు చేతులకు పంపకమైంది. బొమ్మ తాతది, వ్రాత మనుమరాలిది. పక్షి ఏ విధంగా కూసిందో ఆ బాలిక విని వ్రాస్తుంది. ఆయన ఆ అక్షరాలు చదివి, మగ్గాలు చేరకముందటి తన బాల్యంలో విన్న ధ్వనిని జ్ఞాపకం తెచ్చుకుంటాడు. పేరుకు మూడు గడులు ఏర్పడ్డాయి: తాత చెప్పిన తెలుగు పేరు, ఇరుగుపొరుగువారు చెప్పిన గుజరాతీ పేరు, బడి పుస్తకంలోని పేరు. తెలుగులో తీతువు, గుజరాతీలో టిటోడీ. రెండూ ఆ పక్షి కూతనుంచి పుట్టిన మాటలే. కానీ ఒకే కూతకు రెండు ప్రాంతాలు రెండు ఫలితాలు చెప్పుకున్నాయి. తెలుగు పల్లెలలో రాత్రివేళ తీతువు కూస్తే అశుభమని కీడు శంకిస్తారు. గుజరాతు రైతు టిటోడీ గుడ్లు ఎంత ఎత్తున పెట్టిందో చూచి ఆ ఏడు వాన ఎంతో అంచనా వేస్తాడు. ఈ విషయం పక్కింటి గుజరాతీ ముసలమ్మ చెప్పగా ఆ బాలిక బొమ్మ కిందనే నమోదు చేసింది. మెట్టనేలమీద రాళ్ళలో కలిసిపోయిన నాలుగు మచ్చల గుడ్లను తాత గీచిన పుట అది.

మొక్కలు కదలవు కనుక సులభమని తోస్తుంది. అవి వేరొక విధమైన లెక్కను కోరుతాయి. జిల్లేడు ఆకులు కొమ్మపై ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. వేప రెమ్మలు ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి. ఈ క్రమం తప్పితే ఎంత సొగసుగా గీచినా అది మరొక మొక్క అవుతుంది. ఇక్కడ నేతగాని లెక్క ఆయనకు తోడ్పడింది. పోగులు ఎంచిన కన్ను రేకులను ఎంచింది. జిల్లేడు పువ్వుకు ఐదు రేకులు. నడుమ కిరీటం వంటి భాగానికి కూడా ఐదు అంచులు. చీర అంచున ఎనిమిది రేకులతో ఆయన జీవితమంతా తెలిసిన పువ్వు గట్టు మీద ఒక్కటీ దొరకలేదు.

ఈ సందర్భంలో తెలుగు నేలమీద రెండు శతాబ్దాల కిందట జరిగిన చిత్రలేఖన కృషి స్మరణీయం. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో నివసించి, స్థానికుల సహాయంతో పాములను, చేపలను సేకరించి చిత్రాలు వేయించాడు. పాములపై ఆయన గ్రంథం 1796లోను, విశాఖపట్నపు రెండు వందల చేపలపై గ్రంథం 1803లోను వెలువడ్డాయి. కట్లపాము ప్రజాతికి శాస్త్రంలో స్థిరపడిన ‘బంగారస్’ అనే పేరు ఆయన నమోదు చేసిన తెలుగు ‘బంగారు’ నుంచి వచ్చినదే. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల చిత్రాలను పంపగా, 1795 నుంచి మూడు సంపుటాలలో 300 చిత్రఫలకాలతో లండన్‌లో అవి అచ్చయినాయి. మన మోదుగ, సోమిద అందులో ఉన్నాయి. సోమిద చెట్టు శాస్త్రనామంలో ఆ తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. అయితే ఆ ఆకులను చూచి గీచిన చిత్రకారుల పేర్లు ఆ గ్రంథపు ముఖపత్రంపై లేవు. దొర పేరు ఉంది, ప్రచురణను పర్యవేక్షించిన పెద్దమనిషి పేరు ఉంది. మొక్క పేరు చెప్పినవారు, బొమ్మ వ్రాసినవారు మరుగున పడ్డారు.

ఈ పద్ధతికి అపవాదంగా చెప్పదగినవాడు రాబర్ట్ వైట్. దక్షిణ భారత వృక్షాలపై 1838-53 మధ్య ఆయన వెలువరించిన ఆరు సంపుటాల గ్రంథంలో రెండు వేలకు పైగా ఫలకాలున్నాయి. వాటికి మూలమైన చిత్రాలను ప్రధానంగా గీచినవారు రంగయ్య, గోవిందు. వీరు తంజావూరు చిత్రకార సంప్రదాయానికి చెందిన తెలుగు కుటుంబాలవారని పరిశోధకుల అభిప్రాయం. వైట్ 1853లో ఒక సీతాళి ప్రజాతికి ‘గోవిందూయియా’ అని చిత్రకారుని పేరే పెట్టాడు. తరువాతి వర్గీకరణలో ఆ పేరు వేరొక ప్రజాతిలో కలిసిపోయింది. ఎడింబరో రాజోద్యానం 2007లో ఈ ఇద్దరి చిత్రాలపై ప్రత్యేక గ్రంథం ప్రచురించటంతో వారి పేర్లు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. చూచినవాని పేరు చూచినదాని పక్కన ఉండాలన్న చిన్న న్యాయం నెరవేరటానికి నూటయాభై ఏళ్ళు పట్టింది.

బమ్రోలి పుస్తకంలో అన్నిటికంటె ఎక్కువ పుటలు ఆక్రమించినది గిజిగాడు. గుజరాతీలో దానిని సుగరీ అంటారు. వానలు పడగానే మగపక్షి గడ్డిపోచలను, ఈత ఆకుల చీలికలను తెచ్చి, ముళ్ళకొమ్మ చివర ముడివేసి, మొదట ఒక వలయం, ఆపైన గొడుగు వంటి పైకప్పు, చివరికి గుడ్ల అర, కిందికి వేలాడే సొరంగం అల్లుతుంది. ఒక గూడు పూర్తికావటానికి ఐదు వందల దాకా రాకపోకలు పడతాయని అంచనా. నేతగాడు ఆ గూటిలో పడుగు ఏదో పేక ఏదో తేల్చటానికి వారం రోజులు ప్రయత్నించి, పడుగు లేకుండానే పక్షి నేస్తున్నదని నిశ్చయించుకున్నాడు. ఒకే తుమ్మకు వేలాడిన గూళ్ళలో కొన్ని సగంలోనే ఆగిపోయి ఉండటం చూచి, వాటిని కూడా గీచి, “ఎందుకు ఇడిసిపెట్టిందో” అని మనుమరాలిచేత వ్రాయించాడు. ఆ ప్రశ్నకు సమాధానం సలీం అలీ 1930 ప్రాంతంలో మహారాష్ట్ర తీరాన కిహిం గ్రామంలో చేసిన పరిశీలనలో ఉంది. సగం కట్టిన దశలో ఆడపక్షి వచ్చి గూటిని పరీక్షిస్తుంది. నచ్చితేనే కాపురం, మగపక్షి మిగిలిన పని పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అంతే. పంతులమ్మ చెప్పిన ఈ సంగతి విని ఆయన, “మన మాల్ గూడ గట్లనే వాపసు అయ్యేది బిడ్డా” అన్నాడు.

ఆ తుమ్మచెట్టును తరువాతి వేసవిలో కొట్టివేశారు. దారి విస్తరణకు అది అవసరమే కావచ్చు. ఆ సంవత్సరం వానలకు గిజిగాళ్ళు అక్కడికి రాలేదు. పుస్తకంలో చెట్టు కొట్టిన తేదీ ఉంది, దాని కింద మొద్దు బొమ్మ ఉంది, అంతకుముందు పుటలలో గూళ్ళ సంఖ్య, వాటి ఎత్తు, అవి మొదలైన రోజు ఉన్నాయి. ఆ గట్టున ఒకప్పుడు గిజిగాళ్ళ కాలనీ ఉండేదని చెప్పే లిఖిత సాక్ష్యం బహుశా అదొక్కటే.

పుస్తకంలో కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. నల్లని రెక్కలు, తెల్లని ఒళ్ళు, శరీరానికి మించిన పొడవైన గులాబిరంగు కాళ్ళు గల నీటిపిట్టను తాత తన ఊరిలో ఎన్నడూ గుర్తుపట్టి చూడలేదు. గజం కాళ్ళదన్న అర్థం స్ఫురించే గుజరాతీ పేరు మాత్రం పొరుగువారు చెప్పారు. జీవితమంతా బట్టను గజాలలో కొలిచిన ఆయనకు ఆ పేరు నచ్చింది. అయినా తెలుగు గడిలో తోచిన పేరు పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. తెలిసినవారు ఎవరైనా చెప్పేదాకా అది అలాగే ఉండాలన్నాడు. మరికొన్ని పుటలలో ఖాళీ వేరొక కారణంవల్ల ఏర్పడుతున్నది. ఎనిమిదవ తరగతి తరువాత బాలిక హిందీ మాధ్యమానికి మారవలసివచ్చింది. ఇప్పుడు బడి పని ఎక్కువ, తెలుగు వ్రాత తక్కువ. ఇటీవలి పుటలలో గుజరాతీ, హిందీ పేర్లు వెంటనే పడుతున్నాయి. తెలుగు పేరు తాత అడిగి వ్రాయిస్తే పడుతున్నది. పరదేశంలో భాష తరుగుదల ఎప్పుడు మొదలైందో చెప్పటం సామాన్యంగా సాధ్యం కాదు. ఆ పుస్తకంలో మాత్రం దానికీ తేదీ ఉంది.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం స్థానిక సంస్థలు తమ పరిధిలోని మొక్కలు, జంతువులు, వాటికి సంబంధించిన ప్రజల పరిజ్ఞానం నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య పట్టికలను తయారుచేయవలసి ఉంది. అటువంటి పట్టికలు కార్యాలయాలలో కూర్చుని పూరించిన పత్రాలుగా మిగిలిపోకుండా ఉండాలంటే, బమ్రోలి వంటి చోట్ల ఒక వృద్ధుడు, ఒక బాలిక కలిసి వ్రాసిన పుస్తకాలకు వాటిలో చోటు దొరకాలి. వలస వచ్చినవారి భాషలోని పేరు కూడా స్థానిక పరిజ్ఞానంలో భాగమే. ఆ పేరుతో పిలిచేవారు ఆ గట్టునే నివసిస్తున్నారు. సంపాదించవలసిన వివరాలు కూడా ఎక్కువేమీ కావు: ఏమి చూచారు, ఎక్కడ, ఏనాడు, ఎవరు ఏమని పిలిచారు. వీటితోబాటు బొమ్మ వ్రాసినవారి పేరు, పేరు చెప్పినవారి పేరు విధిగా ఉండాలి. రాక్స్‌బర్గ్ కాలంలో లోపించినది అదే. ఆ లెక్కల పుస్తకంలో ప్రతి పుట అడుగున రెండు సంతకాలున్నాయి. ఒకటి గళ్ళ కాగితానికి అలవాటుపడిన చేతిది, రెండవది ఇంకా అక్షరం కుదురుకుంటున్న చేతిది.